మూడు పురముల కూర్పు: క్రీడాభిరామ నిర్మాణ విచారము

ఆంధ్ర వాఙ్మయమున క్రీడాభిరామము పరిమాణమున చిన్నది, ప్రసక్తిచేత పెద్దది. సుమారు మూడువందల పద్యములు, నడుమనడుమ కొలదిపాటి వచనము, తిరుగాడు మిత్రులిద్దరు, ఒక నగరము, ఒక దినము: ఇంతియే దాని శరీరము. మానవల్లి రామకృష్ణకవి (1866-1957) గత శతాబ్ది తొలినాళ్లలో దీనిని వెలికి తెచ్చిన నాటినుండి పండితులు దీనిని రెండు మార్గముల శోధించిరి. మొదటిది సాంఘిక చరిత్ర మార్గము. సురవరము ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో కాకతీయుల నాటి జనజీవితమును వర్ణించుచు ఈ గ్రంథమును ముఖ్యాధారములలో నొకటిగా గైకొనిరి. రెండవది కర్తృత్వ వివాద మార్గము. ఇది వినుకొండ వల్లభరాయని కృతియా, శ్రీనాథుని కృతియా యను ప్రశ్న వేటూరి ప్రభాకరశాస్త్రిగారి (1888-1950) పీఠికతో తీవ్రరూపము దాల్చి, అనేక వ్యాసములకు కారణమైనది.

రెండు మార్గములును ఫలవంతములే. కాని మొదటి మార్గమున నడచువారు కృతిని గనివలె త్రవ్వి సమాచారమును మోసికొని పోవుదురు. రెండవ మార్గమున నడచువారు కృతిని దస్తావేజువలె విప్పి, అడుగున నున్న చేవ్రాలు ఎవరిదని యడుగుదురు. వేర్వేరు తావులనుండి వచ్చిన వేర్వేరు సామగ్రి ఒక్క కూర్పుగా నెట్లు నిలిచినది యను ప్రశ్న ఈ రెంటి నడుమ జారిపోయినది. ఆ ప్రశ్ననే ఇచ్చట విచారింపదలచితిమి.

విచారమునకు వలయు సూత్రము గ్రంథమునందే కలదు. ప్రస్తావనలో ఒక చిన్న కందము మూడు పురములను పేర్కొనుచున్నది. దాని తాత్పర్యము ఇది: ఆడువారు దోరసముద్రమువారు, కథలోని విటులు ఓరుగల్లువారు, కవిది వినుకొండ మహాపట్టణము, రసికులు మెచ్చునట్లు బ్రహ్మ ఈ మూటిని ఒకచోట కూర్చెను. సాహిత్య చరిత్రకారులు ఈ పద్యమును చమత్కారముగా ఉదాహరించి విడిచిపెట్టుదురు. మా దృష్టిలో ఇది చమత్కారమాత్రము కాదు. తన కృతి ఎట్లు పుట్టినదో కవి తానే చెప్పుకొన్న నిర్మాణ సూత్రము.

ఈ మూడు పురముల నడుమనున్న దూరము గమనింపదగినది. వినుకొండకు ఓరుగల్లు ఉత్తరముగా 200 కిలోమీటర్లకు పైబడి యున్నది; నడుమ కృష్ణ ప్రవహించుచున్నది. దోరసముద్రము, అనగా నేటి కర్ణాటకములోని హళేబీడు, నైరృతి దిక్కున ఇంచుమించు 500 కిలోమీటర్ల దూరమున నున్నది. దేశదూరము కంటె కాలదూరము మరింత గొప్పది. హొయసల రాజధాని యగు దోరసముద్రము 1311లో మాలిక్ కాఫూరు దండయాత్రకు లోనైనది. ఓరుగల్లు 1323లో పడిపోయినది. వల్లభరాయని కాలమును పండితులు సామాన్యముగా 14వ శతాబ్ది తుదినుండి 15వ శతాబ్ది తొలిభాగము వరకు నిర్ణయించుచున్నారు. ఈ నిర్ణయమును అంగీకరించినచో, కవి పేర్కొన్న మూడు పురములలో రెండు అప్పటికే తమ రాజులను, రాజవైభవమును కోల్పోయిన పురములు. విటులు విహరించు ఓరుగల్లు ప్రతాపరుద్రుని ఓరుగల్లు. కవి కన్నులయెదుట లేనిది. నటులకు కీర్తి తెచ్చిన దోరసముద్రమును పూర్వ కీర్తియే. కావున ఈ కూర్పు దూరస్థుల కూర్పు మాత్రమే కాదు; గతించినవారితో బ్రతికినవాడు చేసిన కూర్పు.

తెలుగున బహుకర్తృకములగు గ్రంథములు క్రొత్తవి కావు. వానిని మూడు తెగలుగా విభజింపవచ్చును. కవిత్రయము భారతమును రచించిన పద్ధతి మొదటిది: 11వ శతాబ్దిలో నన్నయ మొదలిడగా, 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వమునుండి సాగింపగా, 14వ శతాబ్దిలో ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును పూరించెను. ఇది కాలక్రమమున ఒకరి వెనుక ఒకరు చేసిన పని. భాస్కర రామాయణ పద్ధతి రెండవది: హుళక్కి భాస్కరుడు, మల్లికార్జునభట్టు, కుమారరుద్రదేవుడు, అయ్యలార్యుడు కాండములను పంచుకొనిరి. జంటకవుల పద్ధతి మూడవది: నంది మల్లయ, ఘంట సింగయలు గాని, తిరుపతి వేంకటకవులు గాని పద్యమెవరిదో పైకి తెలియనీయక ఇద్దరొక్కరైరి. 1920లో తిరుపతిశాస్త్రి గతించిన తరువాత గూడ చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంట పేరుతోనే కృతులను ప్రకటించుట ఈ ఐక్యమునకు పరాకాష్ఠ.

ఈ మూడు తెగలలోను పాలుపంచుకొనువారందరును కవులే, పంచుకొన్నది కవిత్వమే. క్రీడాభిరామ ప్రస్తావన సూచించునది నాల్గవ తెగ. ఇచ్చట ఒకరి వ్యాపారము మరియొకరి వ్యాపారము కాదు. ఒక పురము పలుకునిచ్చినది, ఒక పురము వస్తువునిచ్చినది, ఒక పురము ఆంగికమును ఆహార్యమును ఇచ్చినది. వీరెవరును ఒకచోట కూడి మంతనము చేయలేదు. అయినను వచ్చి చేరినది ఒక్క కృతి.

నేటి పాఠకునకు ఈ తెగ అపరిచితము కాదు. ఇప్పుడు సంగీతలోకమున ఒకడు ఒక నగరమున కూర్చుండి వాద్యభాగమును సిద్ధపరచి పంపగా, వేరొక నగరముననున్న గాయకుడు తన గృహమందే గళము చేర్చి తిరిగి పంపుట సామాన్యమైనది. పెద్ద కంపెనీల పెట్టుబడి లేకయే ఇట్లు పాటల సంపుటములు వెలువడుచున్నవి. అమెరికాలో 2003లో వెలువడిన ‘గివ్ అప్’ అను సంపుటము దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. లాస్ ఏంజిలిస్‌లో నొకరు, సియాటిల్‌లో నొకరు ఉండి, టేపులను టపాలో పంపుకొనుచు దానిని నిర్మించిరి. అందుచేతనే తమ జట్టునకు ‘ది పోస్టల్ సర్వీస్’ అని పేరిడుకొనిరి. అట్టి సంపుటములలో కొన్ని విడిపాటల మూటలు. కొన్ని ఆద్యంతము ఒకే భావమును గాని, కథను గాని, స్థలమును గాని ఆశ్రయించి సాగునవి. ఈ రెండవ జాతి పాటల కూర్పునే ‘కాన్సెప్ట్ ఆల్బం’ అనుచున్నారు. అందు జానపదమును, శాస్త్రీయమును, నృత్యవాద్యమును ప్రక్కప్రక్కన నిలుపుట గూడ తరచు. మేము ఈ పోలికను తెచ్చినది నవీనతను మెచ్చుటకు గాదు, ప్రాచీనులు సర్వమును ముందే చేసిరని చెప్పుకొనుటకును గాదు. దూరస్థుల కూర్పును పరీక్షించు విమర్శకుడు అడుగవలసిన ప్రశ్నలు రెండని ఈ పోలిక స్పష్టపరచుచున్నది: పలుజాతుల సామగ్రి ఏ సూత్రముచేత ఏకమైనది? ఏకమైన పిమ్మట ఎవరి పాలు ఎవరికి దక్కినది? మొదటిది కళాప్రశ్న, రెండవది న్యాయప్రశ్న. క్రీడాభిరామమును ఈ రెంటితోను పరీక్షింతము.

మొదట జాతిసంకరమును చూతము. క్రీడాభిరామము తన్ను తాను వీథి యని చెప్పుకొనుచున్నది. దశరూపకములలో వీథి ఏకాంకము, పాత్రములు ఒకటి రెండు, వృత్తి కైశికి, శృంగారము సూచ్యము, ఉద్ఘాత్యకాదులగు పదమూడు వీథ్యంగములు దానికి ప్రధానములు. గోవింద మంచనశర్మ, అతని చెలికాడు టిట్టిభసెట్టి అను ఇద్దరితో కథ నడచుటచేత లక్షణము కొంతవరకు సరిపడుచున్నది. కాని విటుడు పురవీథుల తిరుగుచు కనబడినవారిని పలుకరించుట, రంగముపై లేనివారి మాటలను తానే విని తిరిగి చెప్పుట భాణలక్షణములు. పద్యముల నడుమ వచనమును పొదుగుట చంపూ పద్ధతి. ప్రాతఃకాలము, మధ్యాహ్నము, సాయంకాలము, నగరము, వారవాటిక మున్నగువాని వర్ణనము ప్రబంధ పద్ధతి. ఒక్కొక్క పద్యము కథతో పనిలేక విడిగా నిలువగలుగుట, అట్లే జనుల నోళ్లలో నిలిచిపోవుట చాటు పద్ధతి. ఇన్నింటి క్రింద, ఇన్నింటిని మించి, వీథులలో వినబడు దేశిగానము కలదు.

లక్షణైకదృష్టి గలవారు దీనిని శుద్ధమైన వీథి కాదని కొరత పెట్టవచ్చును. మేము అట్లు తలపము. శుద్ధవీథి చేయలేని పని ఈ సంకరవీథి చేసినది. భాణమున విటుడొక్కడే యుండుటచేత లోకమంతయు ఒక్క కన్నుతో చూడబడును. ఇచ్చట కన్నులు రెండు జతలు. బ్రాహ్మణుడు వర్ణించును, సెట్టి ప్రశ్నించును. ఒకడు మురియును, ఒకడు మేలమాడును. ప్రతి దృశ్యమునకును వెంటనే ఒక వ్యాఖ్యానము ఏర్పడును. వీథ్యంగములలో వాక్కేళి, ప్రపంచము మున్నగునవి మాటకు మాట తగిలించుటవలన పుట్టునవి గనుక, సంవాదమే ఈ కృతికి జీవధాతువైనది.

ఏకసూత్రత యెట్లు సిద్ధించినది? కథయందు గాదు. ఇందు కథ యనదగినది స్వల్పము. ప్రియురాలిని కలసికొనగోరు మంచనశర్మ తెల్లవారినది మొదలు ఊరంతయు తిరుగుచుండును. నాయకుని ఎడబాటు కూర్పునకు నెపము మాత్రమే. కృతిని కట్టియుంచినవి మూడు పోగులు: ఒక్క దినము, ఒక్క ఊరు, ఒక్క నడక. పాదములు కదలిన కొలది పద్యములు కదలును. వాడలు మారిన కొలది ఛందస్సులును, పలుకుబడులును మారును. సంతలు, మేదరవాడ, ఒక్క రూకకు కడుపునిండ వడ్డించు పూటకూటి యిల్లు, దేవీస్థానములు, కోడిపందెములు, పొట్టేళ్ల పోరులు, మాచల్దేవి చిత్రశాల, ఇవన్నియు ఒకదానికొకటి కార్యకారణ సంబంధము లేనివి. అయినను చదువరికి చెల్లాచెదరుగా తోచవు. ఎండ యెక్కుచున్నది, ఆకలి యగుచున్నది, ప్రొద్దు క్రుంకుచున్నది యను స్పృహ క్రింద నుండి వానిని మోయుచుండును. భోజనపద్యము మధ్యాహ్నమున వచ్చుటచేతనే దానికి రుచి. ఆ పద్యమునే ఉదయవర్ణనకు ముందు నిలిపి చూడుడు; పదార్థముల పట్టిక మాత్రమే మిగులును. క్రమము గూడ కవిత్వమే యని ఈ కృతి నేర్పుచున్న పాఠము.

ఇంక గానవిషయము. ఈ కృతి చదువుటకు దృశ్యప్రధానముగా తోచినను, మా పరిశీలనలో ఇది శ్రవణప్రధానము. మూడు ఘట్టములను ఎత్తి చూపెదము. మొదటిది, ఒక స్త్రీ తాళముతో యతి గూడునట్లు ద్విపద ప్రబంధమును పాడుచు పల్నాటి వీరులను కీర్తించుట. విను పిల్లవాండ్రు ఆవేశమున ఊగిపోవుట. రెండవది, జక్కుల పురంధ్రి కామవల్లి కథను గానము చేయుట. మూడవది, బవనీల చక్రవర్తి ఏకవీరాదేవి యెదుట నిలిచి పరశురాముని కథలను పాడుట. ఈ మూటియందును కవి పాట సాహిత్యమును మనకీయడు. పాటయొక్క పనిని ఇచ్చును. తాళగతి యెట్టిది, వాద్యమెట్లు మ్రోగినది, వినువారికేమైనది అను మూటిని చెప్పి ఊరకుండును. పల్నాటి వీరగానమును వర్ణించు వృత్తము తానే మృదంగధ్వనులను అనుకరించు శబ్దములతో నడచుచున్నది. వృత్తము సంస్కృత ఛందస్సు. వర్ణింపబడునది దేశి ద్విపద. చెవికి సోకునది వాద్యము. ఒక్క పద్యమున మూడు జాతులు కలిసినవి, ఏదియు తన రూపమును కోల్పోలేదు. జాతిసంకరము చేయువారందరును సాధింపగోరునది ఇదియే, సాధించినవారు కొలదిమంది.

ఈ ఘట్టమునందే మరియొక విశేషము కలదు. కారెంపూడి వినుకొండకు ఎంతో దూరము గాదు. నేడు రెండును పల్నాడు జిల్లాలోనే యున్నవి. కవిది వినుకొండ, పాడబడునది ఆ చుట్టుపట్ల నెత్తురోడిన కథ, పాడుచున్న తావు మాత్రము ఓరుగల్లు వీథి. అనగా కవి పరపురమును వర్ణించుచు తన పొరుగునేల పాటను అక్కడ విన్నాడు. పాట తానే ప్రయాణము చేసి, కృష్ణ దాటి, అక్కడివారి నోటనెక్కి, తిరిగి వినుకొండవాని పద్యమున చేరినది. మూడు పురముల కూర్పు బ్రహ్మ చేసినదని ప్రస్తావన చెప్పుచున్నది గాని, ఆ పనిని నిజముగా చేసినవారు ఊరూర తిరిగి పాడిన ఈ గాయకులే యని మాకు తోచుచున్నది. వారు లేనిచో వినుకొండకు ఓరుగల్లు వినబడదు, ఓరుగల్లునకు పల్నాడు వినబడదు.

ఇప్పుడు స్వాతంత్ర్య విషయము. క్రీడాభిరామమునకు మూలము రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమని గ్రంథమే చెప్పుచున్నది. ఆ మూలము నేడు లభింపలేదు. త్రిపురాంతకోదాహరణ కర్తగా తెలుగున ప్రసిద్ధుడైన ఆ కవి ఈ కూర్పున నాల్గవ దూరస్థుడు. అనువాదమైన కృతికి స్వాతంత్ర్యమెక్కడిది యను ఆక్షేపమునకు కవి ప్రస్తావనలోనే సమాధానమును సిద్ధపరచెను. సంస్కృతము సకల భాషలకును తల్లి. దేశభాషలలో తెలుగు మేలైనది. తల్లికంటె కూతురి సౌభాగ్యము మిన్నయగుట మంచిదే గదా యని ఆ సమాధాన తాత్పర్యము. ఇందలి తెలుగు మెప్పు తరువాతి కాలమున ఆముక్తమాల్యదతో జగద్విఖ్యాతమైనది. దాని పుట్టినిల్లు ఈ చిన్న వీథియని చాలమంది మరచిరి. భాషాభిమాన వాక్యముగా దీనిని వేదికలపై చదివినప్పుడు దీని సందర్భము నశించుచున్నది. సందర్భమున ఇది అభిమాన వాక్యము గాదు, అనువాదకుని వాదము. తల్లి ఋణమును అంగీకరించుచునే కూతురు వేరింటి యజమానురాలని చెప్పుట. ఋణము వేరు, దాస్యము వేరు. ఈ భేదమును ఇంత లౌకికమైన ఉపమానముతో చెప్పిన లాక్షణికుడు మరియొకడు మాకు కనబడలేదు.

కర్తృత్వ వివాదమును ఈ వెలుగున పునఃపరిశీలింపవలెను. శ్రీనాథ పక్షమువారి ఆధారములు ముఖ్యముగా రెండు: శైలీసామ్యము, లక్షణగ్రంథములలో ఇందలి పద్యములు శ్రీనాథుని పేర ఉదాహృతములగుట. వల్లభరాయ పక్షమువారి ఆధారము స్పష్టమైనది: గ్రంథస్థమైన కర్తృనామము, వంశవర్ణనము. ఇరుపక్షముల వాదములును ఒక ఊహపై నిలిచియున్నవి. కృతికి కర్త యొక్కడే కావలెను, శైలి ఆ యొక్కని సొత్తు కావలెను అనునదే ఆ ఊహ. కాని చాటుపద్యములు నోటినుండి నోటికి, ఊరినుండి ఊరికి పోవుచుండిన కాలమున, కొండవీటి సీమలో శ్రీనాథుని పలుకుబడి గాలివలె వ్యాపించియున్న కాలమున, శైలీసామ్యము ఏకకర్తృత్వమునకు నిదర్శనము కాజాలదు. అది సాహచర్యమునకు నిదర్శనము కావచ్చును, అనుకరణమునకు కావచ్చును, పద్యముల రాకపోకలకు కావచ్చును. పెద్ద పేరు చిన్న పేరును మ్రింగుట లోకస్వభావము. బాగుగ నున్న పద్యమెల్ల శ్రీనాథునిదే యనుట మెప్పుగా కనబడును గాని, అది వినుకొండవాని పాలును ఆధారము లేక కొండవీటికి రాసియిచ్చుట. గ్రంథము తన కర్తను తాను చెప్పుచుండగా, దానిని కాదనుటకు శైలికంటె బలవత్తరమైన సాక్ష్యము కావలెను. ఇంతవరకు చూపబడిన సాక్ష్యము అట్టిది కాదని మా నిశ్చయము.

అయితే ‘అందరు చేసినది’ అను మాటను పట్టుకొని కవినే లేకుండ చేయుట మరియొక ప్రమాదము. సామగ్రి పలుచోటుల నుండి వచ్చినను, ఏ పాట పిదప ఏ దృశ్యము రావలెను, సెట్టి ఎప్పుడు నోరు విప్పవలెను, ఎక్కడ విస్తరింపవలెను, ఎక్కడ ఒక్క కందముతో దాటవలెను అను నిర్ణయములు ఒక్క చిత్తము చేసినవి. కూర్చువాడే కర్త. బ్రహ్మ కూర్చెనని వినయముతో చెప్పినను, ఆ కూర్పు పద్యమును వ్రాసినవాడు కవియే.

న్యాయప్రశ్న మిగిలినది. క్రీడాభిరామము తన నటుల ఊరిని చెప్పినది; విటుల పేరులను చెప్పినది; మూలకవి పేరును, అనువాదకవి పేరును చెప్పినది. వీథిలో పల్నాటి కథ పాడిన స్త్రీకి పేరు లేదు. జక్కుల పురంధ్రి కులముచేత, వృత్తిచేత గుర్తింపబడినదే గాని పేరుచేత గుర్తింపబడలేదు. కవి ఆమె గానమును మెచ్చెను, కాని ఆమెను విటుని కన్నులతోనే చూచెను. గాన వర్ణనము దేహ వర్ణనములోనికి ఒరిగిపోవుచున్నది. వారవాటిక ఘట్టములలో ఈ దృష్టి మరింత మొరటై, కూర్పును సడలించినది. అచ్చట నడక నిలిచిపోవుటచేత పద్యములు ఒకదానిపై నొకటి పేరుకొన్నవి. అశ్లీలమని వెలివేయుట గాని, కాలధర్మమని సమర్థించుట గాని విమర్శ కాదు. ఆ దోషము నీతిదోషమే కాక నిర్మాణదోషము గూడ నని చూపుట విమర్శ. పాడునామెను విన్నచోట కృతి లేచి నిలిచినది. పాడునామెను చూచుటతో తృప్తిపడినచోట క్రుంగినది.

ఈ న్యాయప్రశ్నకు వినుకొండయందే ఐదువందల యేండ్లకు పిదప మరియొక ఉదాహరణము దొరకుచున్నది. గుఱ్ఱము జాషువ (1895-1971) వినుకొండలో జన్మించెను. ఆయన ‘శ్మశానవాటి’ ఖండిక నాటకము కొఱకు వ్రాసినది కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి (1881-1953) రచించిన హరిశ్చంద్ర నాటకములో ఆ పద్యములు మొదట లేవు. నటులు వానిని తెచ్చి కాటిసీనులో చేర్చిరి, రాగములు కట్టిరి, బండారు రామారావు, డి.వి. సుబ్బారావు వంటి గాయకనటులు వానిని ఊరూర పాడిరి. కవి ఒకచోట, నాటకకర్త ఒకచోట, గాయకుడు ఒకచోట నుండగా ఖండకావ్యము, పౌరాణిక నాటకము, రాగాలాపన మూడును కలిసి నేడు తెలుగువారు ‘కాటిసీను’ అని పిలుచు ఒక అఖండ రూపమైనవి. మూడు పురముల పద్యము ఈ సీనునకును చెల్లును.

ఈ కూర్పు యొక్క అర్థబలము ఇంకను గాఢమైనది. అస్పృశ్యుడని లోకము వెలిపెట్టిన కులమున పుట్టిన కవి, మరణమున అందరును సమానులని, శ్మశానమున అంటరానితనమునకు తావులేదని వ్రాసెను. ఆ పలుకులను రంగముపై పలుకువాడు చండాలునికి అమ్ముడువోయి కాటికాపరియైన చక్రవర్తి. నాటకకర్త ఊహింపని అర్థము, కవి ఊహింపని సన్నివేశము ఒకదానికొకటి ఎదురుపడి రెంటికిని బలమిచ్చినవి. పురాణకథలో హరిశ్చంద్రుని కష్టము సత్యపరీక్ష. జాషువ పద్యములు చేరినంతట అది సంఘపరీక్ష యైనది. రాత్రి తెల్లవార్లు కూర్చున్న పల్లె ప్రేక్షకుడు ‘వన్స్‌మోర్’ అని కేక వేసినప్పుడు ఏ కవి పద్యమునకు వేయుచున్నాడో చాలతావుల ఎరుగడు. ఆ పద్యము బలిజేపల్లివారిదేయని తలచినవారు అనేకులు. కవిని గుడిలోనికి రానీయని ఊరు ఆ కవి పద్యమును చేతులెత్తి మ్రొక్కి విన్నది. ఇది ఆ పద్యము గెలుపా, కవి ఓటమియా? రెండును. అందుచేతనే పాలు ఎవరిదో చెప్పుట కేవల పాండిత్య వినోదము కాదు.

ఇచ్చట రెండు ఉదాహరణములకు గల భేదమును గమనింపవలెను. క్రీడాభిరామమున కూర్చువాడు కవి; తాను కూర్చినట్లు చెప్పెను. కాటిసీనున కూర్చినవారు నటులు. కూర్చినట్లు చెప్పు ప్రస్తావన దానికి లేదు. మొదటిదానియందు పేరు లేనివారు గాయకురాండ్రు. రెండవదానియందు చాలకాలము పేరు వినబడనివాడు కవి. పేరు దక్కుట దక్కకుండుట ప్రతిభను అనుసరించి జరుగుట లేదు. ఎవరి చేతిలో ప్రస్తావన యున్నదో దానిని అనుసరించి జరుగుచున్నది. సూత్రధారుడు పలికినవారు చరిత్రలో నిలిచిరి, పలుకనివారు గాలిలో కలిసిరి.

కావున పరిశోధక విద్యార్థులకు మూడు సూచనలు చేయుచున్నాము. ఒకటి: ప్రాచీన కృతుల ప్రస్తావనలను, అవతారికలను వంశావళి కొఱకును కాలనిర్ణయము కొఱకును మాత్రమే చదువక, నిర్మాణ సాక్ష్యములుగా చదువవలెను. రెండు: శైలీసామ్యముచేత పద్యములను ఒక మహాకవి ఖాతాలో జమకట్టుటకు ముందు, పద్యములు ప్రయాణము చేసిన దారులను శోధింపవలెను. జక్కులవారు, బవనీలు, పిచ్చుకకుంట్లవారు, నాటక సమాజములవారు ఆ దారులు. వారి గానసంప్రదాయములను గ్రంథస్థ వాఙ్మయమునకు అనుబంధముగా గాక, సహకర్తలుగా లెక్కింపవలెను. మూడు: కూర్పు పద్ధతి ఎట్టిదైనను, తాటాకుపై నైనను, రంగముపై నైనను, టపాలో తిరిగిన టేపుపై నైనను, కూర్చినవాని నేర్పును, ఇచ్చినవారి పాలును వేర్వేరుగా తూచవలెను. నేర్పును మెచ్చుచు పాలును మరచుట సగము విమర్శ. పాలును లెక్కించుచు నేర్పును గుర్తింపకుండుట మిగిలిన సగము.

దోరసముద్రమున నేడు శిల్పములు మిగిలినవి. ఓరుగల్లున తోరణములు మిగిలినవి. వినుకొండ కొండక్రింద పత్తి, మిరప పండు పల్లెలలో హరిశ్చంద్ర పద్యములు వినబడుచున్నవి. మూడు పురములను కలిపిన కృతి మాత్రము మన చేతిలో నిండుగా నున్నది. దానిని గనిగాను, దస్తావేజుగాను గాక, పలువురి గొంతులు కలిసిన ఒక్క పాటగా వినగలిగినచో, మూలకవికిని, అనువాదకవికిని, పేరు చెప్పబడని ఆ గాయకురాలికిని న్యాయము జరుగునని మా విశ్వాసము. విజ్ఞులు పరిశీలింతురు గాక.